స్టెపినీకి తాళం: మూడు రకాలు వాడి చూసిన తరువాత

నా బొలెరో వెనక తలుపుకు తగిలించి ఉండే స్టెపినీకి ఈ మూడేళ్లలో మూడు రకాల తాళాలు వేశాను. మొదటిది గొలుసు, కప్పతాళం. రెండవది ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కుతీగ తాళం. మూడవది, ఇప్పుడు బండికి ఉన్నది, ప్రత్యేకమైన చెవి ఉంటే తప్ప తిరగని తాళపు నట్టు. ఈ సమీక్ష ప్రధానంగా ఆ మూడవ దాని గురించి. అయితే మొదటి రెండింటినీ ఎందుకు విడిచిపెట్టవలసి వచ్చిందో చెప్పకపోతే మూడవదానిలో ఏం బాగుందో, ఏం బాగాలేదో అర్థం కాదు కనుక వాటి సంగతి కూడా రాస్తున్నాను. స్టెపినీ తాళం కొనేటప్పుడు మనమంతా దొంగను మనసులో పెట్టుకొని కొంటాము. కానీ దొంగ దానిని తాకేది ఎప్పుడో ఒకసారి, లేదా అసలు తాకకపోవచ్చు. దానిని విప్పవలసిన అవసరం తప్పకుండా వచ్చేది మనకే, అదీ చీకట్లో, వానలో, రోడ్డు పక్కన, చేతులకు మట్టి అంటుకొని ఉన్నప్పుడు. అందుకని నేను ఈ మూడింటినీ ఎంత గట్టివి అన్నదానికంటే, అవసరం పడినప్పుడు నా చేతికి ఎంత తేలికగా విడివడతాయి అన్న లెక్కతోనే ఎక్కువగా తూచాను.

ఈ వ్యవహారమంతా ఒక పుణ్యక్షేత్రం పార్కింగు స్థలంలో మొదలైంది. దర్శనం ముగించుకొని నాలుగు గంటల తరువాత తిరిగి వచ్చేసరికి వెనక తలుపు మీద క్యారియర్ మాత్రమే మిగిలి ఉంది. స్టెపినీకి తొడిగిన రెక్సిన్ కవరు నేల మీద మడత పెట్టి ఉంది, విప్పిన నట్లు దాని మీద పేర్చి ఉన్నాయి. ఎవరో పంచరు వేయించడానికి తీసుకువెళ్లారు, కాసేపట్లో తెచ్చి మళ్లీ బిగిస్తారు అనిపించేంత పద్ధతిగా పని జరిగింది. దానికి కావలసిన పనిముట్టు ప్రతి బండిలోనూ ఉండే వీల్ పానా ఒక్కటే. 215/75 ఆర్15 కొలత టైరు, ఇనుప రిమ్ము, బిగింపు కూలి కలిపి నాకు ₹10,400 అయింది.

బీమా అడగవచ్చు కదా అని చాలామంది అన్నారు. నా బండి ఇంజను 2,523 సీసీ. 1,500 సీసీ దాటిన సొంత కార్లకు ప్రతి క్లెయిములోనూ తప్పనిసరిగా మన మీద పడే భాగం ₹2,000. దానికి తోడు ఏటేటా క్లెయిము లేకుండా కూడబెట్టుకున్న తగ్గింపు, 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగేది, ఒక్క క్లెయిముతో పోతుంది. నా తగ్గింపు అప్పటికి 45 శాతానికి చేరుకొని ఉంది. పోలీసు ఫిర్యాదు, సర్వేయరు, తరువాతి ఏడాది పెరిగే ప్రీమియం అన్నీ కలిపి లెక్క కడితే, పోయిన టైరు కంటే క్లెయిమే ఖరీదుగా తేలింది. (2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారం ₹5,000 లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు దానిని తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. అరిగిన స్టెపినీ విలువ ఆ గీతకు ఏ వైపున పడుతుందో న్యాయవాదులే తేల్చాలి.) అలా తాళాల వేట మొదలైంది.

స్టెపినీ అన్న మాటను మనం మన మాటగానే వాడుకుంటున్నాము గాని, అది వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి పేరు. 1904లో అక్కడ డేవీస్ సోదరులు అదనపు చక్రాన్ని తయారు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ వీధి పేరు మన లారీ షెడ్లలో ఇప్పటికీ నిలిచి ఉంది. అదనపు చక్రం ఎక్కడ ఉంటుందన్న దానిని బట్టే దాని దొంగతనమూ, దాని తాళమూ మారతాయి. డిక్కీ లోపల పడుకొని ఉండే స్టెపినీకి డిక్కీ తాళమే చాలు. బొలెరో, థార్, ఎకోస్పోర్ట్ వంటి వాటిలో వెనక తలుపుకు వేలాడే స్టెపినీని నిలబడి, నడుము వంచకుండానే విప్పుకొని పోవచ్చు. బండి అడుగున వేలాడే స్టెపినీకి దొంగ నేల మీద పడుకోవాలి, కాని పడుకున్నవాడు ఎవరికీ కనబడడు. ఈ సమీక్షలోని అనుభవమంతా రెండవ రకం బండిది. మూడవ రకం గురించి నాకు తెలిసినది చివరలో కొంత ఉంది.

గొలుసుతో మొదలుపెడతాను. 8 మిల్లీమీటర్ల మందం గల గొలుసును మీటరున్నర కొని, రిమ్ము రంధ్రాల గుండా, క్యారియర్ చట్రం గుండా తిప్పి, తమిళనాడులోని దిండిగల్‌లో తయారైన కప్పతాళం వేశాను. దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేతితో చేసే ఆ తాళం పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఇప్పటికీ అది మా గోదాము తలుపుకు పనిచేస్తోంది. తప్పంతా దానిని నేను వేసిన చోటుది. బండి వెనక భాగంలో చక్రాలు లేపే దుమ్మంతా గాలి సుడికి తిరిగి వచ్చి వెనక తలుపు మీదే పడుతుంది; బొలెరో వెనక అద్దం ఎంత తొందరగా మాసిపోతుందో చూసినవారికి ఇది వివరించనవసరం లేదు. ఆ దుమ్ము తాళం రంధ్రంలో చేరింది, వాన పడినప్పుడు బురదైంది, ఎండినప్పుడు గట్టిపడింది. తిరగడం కష్టమైనప్పుడు నేను వంటింట్లోని కొబ్బరినూనె పోశాను; అది మరింత పెద్ద తప్పు. నూనె తడికి దుమ్ము ఇంకా అంటుకుంటుంది. అటువంటి చోట పొడి గ్రాఫైటు వేయాలని తరువాత ఒక తాళాల పనివాడు చెప్పాడు. గొలుసు గోల మరొకటి. గతుకు వచ్చినప్పుడల్లా అది రిమ్ముకు కొట్టుకొని, పశువుల మెడ గంటలా మోగేది; చప్పుడు ఆపడానికి పాత సైకిలు ట్యూబు కోసి తొడిగితే, ఆ ట్యూబులో నీళ్లు నిలిచి ఆరు నెలలలో గొలుసుకు తుప్పు పట్టింది. ఇంత చేసినా, సాధారణ ఇనుముతో చేసిన 8 మిల్లీమీటర్ల గొలుసును పొడుగు చేతుల కటింగు ప్లేయరు రెండు నొక్కులలో తెంపుతుందని మా ఊరి వెల్డింగు షాపులో చూపించారు. బోరాన్ కలిపి గట్టిపరచిన ఉక్కు గొలుసులు దొరుకుతాయన్నది నిజమే, వాటి బరువూ ధరా వేరు.

ఉక్కుతీగ తాళం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. అది సైకిలుకు, హెల్మెట్టుకు పనికివస్తుంది. పైన ప్లాస్టిక్ తొడుగు వల్ల బొటనవేలంత లావుగా కనిపిస్తుంది గాని, లోపలి తీగ దానిలో సగం కూడా ఉండదు. పోగు పోగుగా కోసుకుంటూ పోతే ఎలక్ట్రీషియను చేతిలో ఉండే పనిముట్టే సరిపోతుంది. నాలుగు అంకెల చక్రాలు ఉన్న రకం కొన్నాను, చెవి పోగొట్టుకునే బాధ ఉండదని. రెండు నెలలలో అంకెలు వెలసిపోయాయి. చీకట్లో వాటిని చదవడానికి ఒకరు దీపం పట్టుకోవాలి, మరొకరు కళ్లజోడు వెతుక్కోవాలి.

ఇక అసలు వస్తువు. విజయవాడ ఆటోనగర్‌లో నేను మొదట అడిగినది "లాక్ నట్టు" అని. దుకాణంలోని కుర్రవాడు వెంటనే లోపల నైలాన్ వలయం ఉన్న నట్టును తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. అది అదురుకు వదులు కాకుండా ఉండే నట్టు. దానిని ఏ పానాతోనైనా విప్పవచ్చు. మెకానిక్కుల భాషలో లాక్ నట్టు అంటే అదే, వారి తప్పేమీ లేదు. మనకు కావలసిన దానిని వీల్ లాక్ సెట్టు అని అడగాలి. ఆ పెట్టెలో నాలుగు నట్లు, ఒక చెవి ఉంటాయి. నట్టుకు మామూలుగా ఉండే ఆరు పలకలు దీనికి ఉండవు. గుండ్రంగా, నున్నగా ఉండి, తల మీద వంకర టింకరగా చెక్కిన ఒక గాడి ఉంటుంది. చెవి అనేది ఆ గాడిలో సరిగ్గా కూర్చునే ఎత్తు ఉన్న చిన్న ఉక్కు ముక్క. దాని మరో చివర ఆరు పలకలు ఉంటాయి, అక్కడ వీల్ పానా తగిలించి తిప్పాలి. గాడి ఆకారం సెట్టు సెట్టుకూ మారుతుంది, అందువల్ల ఒక సెట్టు చెవి మరొక సెట్టుకు సాధారణంగా పట్టదు.

ఈ రకాన్ని ఆన్‌లైనులో ₹350కి ఒకసారి, ఆటోనగర్‌లో ₹1,150కి మరొకసారి కొన్నాను. రెండింటి పేర్లూ రాయడం లేదు, ఎందుకంటే అదే పేరుతో వచ్చే సరుకు నెల నెలకూ మారుతోంది, పెట్టె మీది అక్షరాల కంటే చేతిలోని ఇనుమును పరీక్షించడమే మేలు. పరీక్ష కూడా కష్టమైనదేమీ కాదు. మొదట అయస్కాంతం పెట్టి చూడాలి: జస్తాతో (జింకుతో) పోత పోసిన నట్టుకు అయస్కాంతం అంటదు, పైన మెరుపు పూత ఎంత బాగున్నా దానిని వెనక్కి ఇచ్చేయవచ్చు. తరువాత నట్టు అంచున ఆకురాయితో ఒక్కసారి గీయాలి. మెత్తని ఇనుమైతే ఆకురాయి కరుచుకొని పొడి రాలుస్తుంది. గట్టిపరచిన ఉక్కైతే గాజు మీద గీసినట్టు జారిపోతుంది. నా ₹350 నట్టు మొదటి పరీక్షలో నెగ్గి రెండవదానిలో ఓడిపోయింది. దుకాణంలో ఆకురాయి తీస్తే యజమాని ముఖం కొంచెం మారుతుంది, కాని ఆటోనగర్‌లో ఇటువంటివారిని రోజూ చూస్తారు కనుక ఏమీ అనరు.

మరలు కుదరడం అన్నిటికంటే ముఖ్యం. చాలా కార్ల చక్రపు నట్లు 12 మిల్లీమీటర్ల లావు, 1.5 మిల్లీమీటర్ల మర దూరంతో ఉంటాయి. మారుతి బండ్లలో అదే లావుకు మర దూరం 1.25 మిల్లీమీటర్లు. రెండూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. తప్పు నట్టు ఒకటి రెండు చుట్లు చక్కగా తిరిగి, ఆ తరువాత బిగుస్తుంది; బిగుసుకున్నది సరిగ్గా కూర్చున్నందుకే అనుకొని పానా మీద కాలు వేసి తొక్కితే స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) మరలు చెరిగిపోతాయి. అందుకని బండి నట్టు ఒకదానిని విప్పి జేబులో వేసుకొని దుకాణానికి వెళ్లాలి. దాని కింది వాలు కూడా చూడాలి: శంకువులా వాలు ఉన్న నట్టు, బంతిలా గుండ్రని నట్టు, అడుగున బల్లపరుపు వాషరు ఉన్న నట్టు ఒకదాని చోట ఒకటి సరిపోవు. స్టెపినీకి ఇది ప్రాణాపాయం కాకపోవచ్చు, కాని నాలుగు నట్లు ఉన్నాయి కదా అని మిగిలిన మూడింటిని తిరిగే చక్రాలకు బిగించేవారు ఈ విషయంలో ఏమరుపాటుగా ఉండకూడదు.

₹350 నట్టుకూ ₹1,150 నట్టుకూ అసలు తేడా బిగించిన తరువాత తెలిసింది. మాకు తెలిసిన మెకానిక్కును పిలిచి, చెవి ఇవ్వకుండా రెండింటినీ విప్పమన్నాను. "మీ బండి మీరే చెడగొట్టుకుంటారా సార్" అన్నాడు గాని, పని మొదలుపెట్టాక అతనికే పంతం వచ్చింది. మొదటి నట్టు మీద, దాని కంటే కొంచెం చిన్నదైన పాత సాకెట్టును పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు; మెత్తని ఇనుము నలిగి సాకెట్టు పళ్లకు పట్టుకుంది, రాడ్డు వేసి తిప్పితే నట్టు వచ్చేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. రెండవ నట్టు చుట్టూ విడిగా తిరిగే ఒక ఉక్కు వలయం ఉంది. సాకెట్టు దాని మీద కూర్చుంది, గట్టిగానే పట్టుకుంది, కాని తిప్పితే వలయం మాత్రమే గిరగిర తిరిగింది, లోపలి నట్టు కదలలేదు. పట్టుకారు వేశాడు, ఉలి పెట్టి అంచున కొట్టాడు. పది నిమిషాల తరువాత గ్రైండరు తెస్తానన్నాడు. అక్కడితో ఆపించాను. గ్రైండరు చప్పుడును పార్కింగు స్థలంలో ఎవరూ వినకుండా ఉండరు, అంతకు మించిన తాళం నాకు అవసరం లేదు. కనుక కొనేటప్పుడు ఆ తిరిగే వలయం ఉందా లేదా అన్నది తప్పక చూడండి. ₹800 తేడా అంతా దానిలోనే ఉంది.

క్యారియర్‌కు చక్రాన్ని పట్టి ఉంచే నట్లలో ఒకదానిని తీసి దాని చోట ఈ తాళపు నట్టును బిగిస్తే చాలు. అన్నింటినీ మార్చనవసరం లేదు, మార్చకూడదు కూడా. ఒక్క నట్టు విడివడకపోతే చక్రం రాదు. అన్నీ తాళపు నట్లే అయితే ఒక చెవి విరిగిన రోజున కష్టం అన్ని రెట్లవుతుంది.

చెవి విరగడం అన్నది ఊహ కాదు. ఈ సెట్ల మీద వచ్చే కష్టాలలో ఎక్కువ భాగం నట్టుతో కాక చెవితోనే వస్తాయి. పంచరు షాపులలో గాలి గన్నుతో టకటకా విప్పే అలవాటు ఉంటుంది. ఆ అదురుకు చెవి ఎత్తులు అంచున చిట్లుతాయి. నా మొదటి చెవి మూలన ఒక పలుకు రాలినది అటువంటి ఒక షాపులోనే. తప్పు ఆ కుర్రవాడిది అనడం కంటే, ముందే చెప్పకుండా సెల్‌ఫోను చూసుకుంటూ నిలబడ్డ నాది అనడమే న్యాయం. తాళపు నట్టును చేతితోనే విప్పాలి, చేతితోనే బిగించాలి. చెవిని గాడిలో పూర్తిగా దిగేలా నొక్కి పట్టి, పానాను వాలకుండా తిన్నగా తిప్పాలి. మంచి సెట్టుతో పాటు ఒక చిన్న కార్డు మీద చెవి సంఖ్య ఇస్తారు, ఆ సంఖ్య చెప్తే మరో చెవి తెప్పిస్తారు. నా సెట్టుకు కార్డు ఇచ్చారు. అదనపు చెవికి ₹300 తీసుకున్నారు, అది రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ స్టెపినీ ఉండి కూడా లేనట్టే.

తాళానికి నిజమైన పరీక్ష నిరుడు ఆశ్వయుజ మాసంలో జరిగింది. హైదరాబాదు నుంచి నందిగామ వస్తూ నకిరేకల్ దాటిన తరువాత ఎడమ వెనక టైరు పోయింది. రాత్రి పదకొండు దాటింది, సన్నగా వాన, పక్క నుంచి లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. వెనక కూర్చున్న మా అక్క "చెవి ఎక్కడ పెట్టావురా" అని అడిగినప్పుడు గాని నాకు గుర్తు రాలేదు, దానిని ఎక్కడ పెట్టానో నాకు తెలియదని. జాకీ సంచిలో లేదు. ముందరి అరలో లేదు. చివరికి డ్రైవరు సీటు కింద, పాత టోలు రసీదుల మధ్య దొరికింది. వెతకడానికి పట్టిన సమయం, చక్రం మార్చడానికి పట్టిన సమయం కంటే ఎక్కువ. చెవి దొరికాక మాత్రం పని హాయిగా సాగింది. గాడిలో నీళ్లు, మట్టి ఉన్నా వేలితో ఒకసారి తుడిస్తే చెవి కూర్చుంది, పానా వేసి తిప్పితే ఒక్క ఊపుకు కదిలింది. కప్పతాళంలా లోపల నలిగే మీటలు, స్ప్రింగులు దీనిలో లేవు. ఉన్నది రెండు ఇనుప ముక్కలు ఒకదానిలో ఒకటి అమరడం మాత్రమే. అందుకే దుమ్ము దీనిని ఏమీ చేయలేకపోయింది. ఆ రాత్రి గొలుసూ కప్పతాళమూ ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

అదే రాత్రి మరొక సంగతి కూడా బయటపడింది. స్టెపినీలో గాలి సగమే ఉంది. తాళం వేసిన తరువాత, ఎవరూ తీసుకుపోలేరు కదా అన్న నిశ్చింతలో, ఏడాదిగా దానిని ఎవరూ చూడలేదు. నకిరేకల్ వైపు నెమ్మదిగా వెనక్కి వెళ్లి, తెరిచి ఉన్న పంచరు షాపులో గాలి పెట్టించుకున్నాము. తాళం పుణ్యమా అని స్టెపినీని మరిచిపోవడం చాలా తేలిక. దాని పక్క గోడ మీద అచ్చయిన నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెప్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం. రోడ్డు మీద ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ఎండకు రబ్బరు బీటలు వారుతుంది, వెనక తలుపు మీద వేలాడే దానికి మరింత తొందరగా. ఇప్పుడు నెలకొకసారి నట్టు విప్పి, మరలకు పలుచగా గ్రీజు రాసి, గాలి చూసి మళ్లీ బిగిస్తున్నాను. ఏడాది పాటు కదలని నట్టు తుప్పుతో కరుచుకుంటే చెవి మీద పడే బలం పెరుగుతుంది, చెవి విరిగే మరో దారి అది.

ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైన వేసిన మెరుపు పూత ఒక వర్షాకాలానికే పొరలుగా లేచింది. ఉక్కు గట్టిదే గాని చూపులకు పదేళ్ల నట్టులా తయారైంది. గాడిని కప్పడానికి ఇచ్చిన ప్లాస్టిక్ మూత మొదటి వారంలోనే ఎక్కడో పడిపోయింది. చెవిని పెట్టుకోవడానికి ఒక పెట్టె గాని, కనీసం ఉంగరం తగిలించుకొనే రంధ్రం గాని లేదు. ₹1,150 తీసుకున్నవారు చెవికి ఒక కన్నం పెట్టలేకపోయారు. గాలి గన్ను వాడవద్దు అన్న ఒక్క ముఖ్యమైన మాట పెట్టె అడుగున, చీమ తలంత అక్షరాలలో ఉంది.

అడుగున వేలాడే స్టెపినీ ఉన్నవారికి ఈ నట్టు పనికిరాదు. అక్కడ చక్రాన్ని తీగ గాని గొలుసు గాని పైకి లాగి పట్టి ఉంచుతుంది. కొన్ని బండ్లలో డిక్కీ లోపలి నుంచి, కొన్నింటిలో బంపరు దగ్గరి రంధ్రం నుంచి రాడ్డు పెట్టి తిప్పితే కిందికి దిగుతుంది. బయటి రంధ్రం ఉన్న బండికి, ఆ రంధ్రంలోకి రాడ్డు వెళ్లకుండా అడ్డుపడే గొట్టపు తాళం ఉంటుంది. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడి పికప్పు ట్రక్కుకు అది కంపెనీ నుంచే వచ్చింది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ తాళం లోపల తుప్పు పట్టి, చెవి ఉన్నా తెరుచుకోక, టైరు పోయిన రోజున దానిని డ్రిల్లుతో తొలిచి తీయించుకున్నాడు. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, కాకినాడ వైపు బండ్లవారు అటువంటిది వేయించుకుంటే రెండు మూడు నెలలకొకసారి తిప్పి చూడడం మంచిది. లారీల సంగతి పూర్తిగా వేరు. 10.00-20 కొలత స్టెపినీని మోయాలంటే ఇద్దరు కావాలి, అయినా అది పోతుంది. అందుకే డ్రైవర్లు రిమ్ము మీద బండి నంబరును వెల్డింగు చుక్కలతో రాయించి, ఆపైన గొలుసు వేస్తారు. ఆ నంబరు ఆలోచన నాకు నచ్చింది. నా రిమ్ముకూ రాయించాను, ₹100 అయింది. తాళం ఎత్తుకుపోవడాన్ని కష్టం చేస్తుంది, నంబరు అమ్ముకోవడాన్ని కష్టం చేస్తుంది.

2020లో వచ్చిన నిబంధనల సవరణ తరువాత, టైరులో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంచరు వేసుకునే సామగ్రి ఉన్న చిన్న ప్రయాణికుల బండ్లకు స్టెపినీ తప్పనిసరి కాదు. అటువంటి బండి కొన్నవారికి ఈ సమీక్షతో పని లేదు. వెనక తలుపుకు చక్రం వేలాడే బండి ఉన్నవారు మాత్రం, తిరిగే వలయం ఉన్న తాళపు నట్టును, సంఖ్య కార్డు ఇచ్చే చోట, మొదటి రోజే రెండవ చెవితో సహా కొనుక్కోవచ్చునని నా అభిప్రాయం. అలాగైతే మొత్తం ₹1,450 అవుతుంది. వలయం లేనిదానికి ₹350 కూడా దండగే. మా మొదటి చెవి ఇప్పుడు వీల్ పానాకే ఇనుప తీగతో కట్టి ఉంది. దొంగ చేతికి పానాతో పాటు అదీ దొరుకుతుంది కదా అని మెకానిక్కు అడిగాడు. పానా బండి లోపల ఉంటుంది, బండికి వేరే తాళం ఉంది అని చెప్పాను. రెండవ చెవి మా అక్క చేతిసంచిలో ఉంది; ఆమె లేకుండా దూరప్రయాణానికి బయలుదేరే ముందు అడిగి తీసుకోవాలి, అడిగిన ప్రతిసారీ టోలు రసీదుల మాట ఒకసారి వినాలి.